మైల పట్టిన మదర్‌బోర్డు

బుధవారం

నిన్న నా భార్య సుభాషిణి పోయింది.

ఉదయం గంజి తాగింది. మెట్లు ఎక్కలేనంటే ఎత్తుకుని పై అంతస్తులో ఉన్న వార్డుకు తీసుకెళ్లాను. నర్సు ఎస్తేరు సూదులు గుచ్చింది. రక్తం కడిగే యంత్రం కాసేపు సరిగానే తిరిగింది. తర్వాత తెర నల్లబడి పంపు ఆగింది. మళ్లీ తనంతట తనే లేచింది. మళ్లీ ఆగింది. ఎస్తేరు పిడి తగిలించి, చేత్తో తిప్పుతూ, గొట్టాల్లో మిగిలిన రక్తాన్ని ఆమె ఒంట్లోకి పంపింది. శనివారం కూడా యంత్రం ఇలాగే మొరాయించి ఆమె వంతు తప్పింది. రెండు వంతుల విషం ఒంట్లో నిలిచిపోయింది. మధ్యాహ్నం కాకుండానే ఆ కుర్చీలోనే గుండె ఆగింది.

ఆఖరి మాట నాతో కాదు. ఎస్తేరుతో అంది: "నీ చెయ్యి నొప్పెడుతుంది, కాసేపు ఆపు."

సాయంత్రం సముద్రానికి ఇచ్చాం. నడిసముద్రంలో ఈ ఇనుప గట్టు మీద కట్టెలు ఎక్కడివి? అందరినీ అలాగే ఇస్తాం.

ఇది మూడో గట్టు యంత్రాల లాగ్ పుస్తకం, వాటిని చూసేవాణ్ని నేనే. ఇందులో ఇంటి సంగతులు రాయకూడదు. కానీ యంత్రం ఆగితే కారణం రాయాలనేది నియమం. కారణం రాస్తున్నాను. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కన వరసగా ఉన్న కెపాసిటర్లు. ఒక్కొక్కటి చిటికెన వేలి కొసంత రేకు డబ్బా. లోపల తడి కాగితం చుట్ట ఉంటుంది. కరెంటు ఎగుడుదిగుడు లేకుండా అందేలా చూడటం దాని పని. ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి, ఆ తడి ఆవిరై డబ్బా నెత్తి ఉబ్బుతుంది. బోర్డు వేడెక్కగానే తూలి పడిపోతుంది.

ఇది నాకు నిన్న తెలిసిన విషయం కాదు. వానలు మొదలవకముందే గాలి జాలీలోంచి దీపం పెట్టి చూశాను. నెత్తులు ఉబ్బి ఉన్నాయి. ఒకదాని కింద గోధుమరంగు మరక. సంఘం పెద్ద కూర్మారావు గారితో చెప్పాను. "నడుస్తున్నదాన్ని విప్పితే ఒడ్డువాళ్లు వేసిన సీలు తెగుతుంది వైకుంఠం. సీలు తెగితే ఫిల్టర్లు పంపరు" అన్నారు. శనివారం ఆగిపోయాక మళ్లీ చెప్పాను. "సముద్రం కాస్త నెమ్మదిస్తే ఒడ్డు నుంచి మెకానిక్ వస్తాడు" అన్నారు.

సముద్రం నెమ్మదించలేదు. తుఫాను రోజుల్లో అది నెమ్మదించదని ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడు నాకు పదకొండు రోజుల మైల. గుమ్మం దాటకూడదు. ఆ యంత్రానికీ పదకొండు రోజుల మైలే. వార్డుకు తాళం వేశారు.

ఈ గట్టు మీద ఆ యంత్రం ఆధారంగా బతికేవాళ్లు ఇంకా నలుగురున్నారు.

గురువారం

యంత్రానికి మైల ఏమిటని కొత్తవాళ్లు అడగవచ్చు. పాతవాళ్లు అడగరు, అదీ నా కోపం.

మా ఉద్దానం ఊళ్లు మునిగి, ఒకప్పుడు గ్యాసు తోడిన ఈ గట్ల మీదికి జనం చేరిన తొలి ఏళ్లలో ఒక పొరపాటు జరిగింది. ఒక మనిషి పోయిన కుర్చీలోనే, గొట్టాలు సరిగా కడక్కుండా, మర్నాడు ఇంకొకరిని కూర్చోబెట్టారు. జ్వరం అంటి వరసగా పోయారు. అప్పటి డాక్టరు, ఎవరైనా కుర్చీలో పోతే యంత్రాన్ని పూర్తిగా కడిగి ఆరబెట్టేదాకా తాళం వేయమన్నాడు. మంచి మాట. కడిగి ఆరబెట్టడానికి ఒక పూట చాలు. ఆ పూట కాస్తా పదకొండు రోజులెప్పుడైందో, తాళం తీసేటప్పుడు పసుపు నీళ్లు చల్లడం ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు మాత్రం అది తాతల నాటి ఆచారం.

పొద్దున్నించీ పలకరింపులు. గుమ్మం అవతల నిలబడి ఒకే మాట: "పుణ్యాత్మురాలు. పసుపు కుంకాలతో పోయింది." అయిదారుగురు అన్నాక నేను తల ఊపడం మానేశాను. ఉబ్బిన రేకు డబ్బా వల్ల పోయిన మనిషి చేసుకున్న పుణ్యమేమిటో నాకు అర్థం కాలేదు. నేను ముందు పోతే ఆమె దురదృష్టవంతురాలు అయ్యేది. ఆమె ముందు పోయింది కనక అదృష్టవంతురాలు. ఈ లెక్క కట్టినవాళ్లెవరూ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు కారు.

కూర్మారావు గారు కూడా వచ్చారు. కళ్లు తుడుచుకున్నారు. నిజంగానే తుడుచుకున్నారు, అది ఒప్పుకోవాలి. సుభాషిణి ఆయన పిల్లలకు చదువు చెప్పింది.

"వార్డు తాళం ఇవ్వండి. బోర్డు నేను బాగుచేస్తాను" అన్నాను.

"మైలలో ఉన్నావు కదయ్యా."

"యంత్రమూ మైలలోనే ఉంది. మైలలో ఉన్నవాడు మైలపడ్డ వస్తువును ముట్టుకుంటే కొత్తగా అంటేదేముంది?"

 

"ఆ మాట నువ్వు అనకూడదు వైకుంఠం. బాధలో ఉన్నవాడి మాట సంఘం పట్టించుకోదు. ముందు కాస్త అన్నం తిను" అని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఎస్తేరు వచ్చింది. చేతిలో బట్టలు ఉతికే బకెట్. గుమ్మం దాటి నేరుగా లోపలికొచ్చి బల్ల మీద పెట్టింది. వార్డు కడగడానికని ఒక్క పూటకి తాళంచెవి ఇచ్చారట. తడి దుప్పటి తీస్తే, కింద మైనపు కాగితంలో చుట్టిన మదర్‌బోర్డు.

"సీలు ఏం చేశావమ్మా?" అన్నాను.

"ఉప్పుగాలికి ఊడిపోయింది సార్" అంది. నా మొహం చూసి, "నేనే పీకాను. అడిగితే మాత్రం గాలి అనే చెప్తాను. మాకు మైల లేదు కాబట్టి నన్ను ఎవరూ ఏమీ అనలేరు, అదొక్కటే లాభం" అంది.

"దాలమ్మప్ప ఎలా ఉంది?"

దాలమ్మ చేపలు ఎండబెట్టే షెడ్డు పెద్ద. నలుగురిలో ఆమె పరిస్థితే అధ్వాన్నం. యంత్రం మొరాయించకముందు కూర్చున్నదే ఆఖరు.

"వెల్లకిలా పడుకోలేకపోతోంది. ఊపిరాడటం లేదని గోడకు ఆనుకుని కూర్చుంటోంది. కాలి మీద వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. మిగతా ముగ్గురూ ఇంకో నాలుగు రోజులు లాగుతారు సార్. ఆమె లాగదు."

శుక్రవారం

పని వివరం. తర్వాత ఎవరైనా ఈ బోర్డు విప్పితే పనికొస్తుందని రాస్తున్నాను.

కొత్త కెపాసిటర్లు లేవు. స్టోర్లోంచి ఎస్తేరు తెచ్చిపెట్టినవి పాతవే. వాడకపోయినా వీటి లోపల తడి ఆరిపోతుంది. ఒకదానికి నెమ్మదిగా కరెంటు ఎక్కిస్తే బుస్సుమంది. పైకప్పు లౌడ్‌స్పీకర్ల ఆంప్లిఫయర్లో పెద్దవి ఉన్నాయి గాని, అవి నిదానంగా పనిచేసే రకం. ప్రాసెసర్ పక్కన సెకనుకు లక్షల సార్లు నిండి ఖాళీ కావాలి. అక్కడ అవి పెడితే ఒక గంటలో ఉడికిపోతాయి.

సరైనవి ఉన్న బోర్డు గట్టు మొత్తం మీద రెండు చోట్ల ఉంది. ఒకటి సంఘం హాల్లో. "స్వాగతం" అనే మాటను రోజంతా తెర మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడిపించడానికి. అడగదలుచుకోలేదు. రెండోది మా ఇంట్లోనే. సుభాషిణి పిల్లలకు పాఠాలు చెప్పే కంప్యూటర్. అందులో ఉన్నవి తడి లేని గట్టి రకం. ఉబ్బవు.

పాఠాలున్న డిస్కు తీసి గుడ్డలో చుట్టి అలమరలో పెట్టాను. బోర్డును బల్ల మీద పెట్టి కెపాసిటర్లు పీకాను. దీని గురించి రాయడానికి ఇంకేమీ లేదు.

ఒక హెచ్చరిక. కెపాసిటర్‌ను తిరగేసి పెడితే పేలుతుంది. ఏ కాలు ఎటో తెలియడానికి బోర్డు మీద గుండ్రం బొమ్మలో సగం తెల్లరంగు పూసి ఉంటుంది. తెల్ల సగం మైనస్ అని చేయి తిరిగినవాళ్లంతా కళ్లు మూసుకుని పెట్టేస్తారు. ఈ బోర్డు చేసినవాళ్లు ప్లస్ వైపు తెల్లరంగు పూశారు. పాతవాటిని పీకకముందే ఒక్కొక్కటీ ఎటు తిరిగి ఉందో చూసి బొమ్మ గీసుకున్నాను కాబట్టి సరిపోయింది. ఏ బుద్ధిమంతుడు ఇలా పూశాడో నాకు తెలియదు. అందరూ వాడే గుర్తును తలకిందులు చేసి, దాన్ని ఎక్కడా చెప్పకుండా పెట్టెలో మూసి, పైన సీలు వేసి, విప్పినవాడిదే తప్పు అనేవాళ్ల మీద నాకు జాలి లేదు.

పాత టంకం మొండిది. బోర్డు లోపలి రాగిపొర వేడినంతా లాగేసుకుంటుంది. టంకం పెట్టే ఐరన్ ఎంత ఆనించినా కాలు వదలదు. బలంగా లాగితే రంధ్రం లోపలి పూత ఊడొచ్చి బోర్డు పనికిరాకుండా పోతుంది. కొత్త టంకం కాస్త కలిపి, రెండు కాళ్లనూ మార్చి మార్చి వేడి చేస్తూ, డబ్బాను అటూ ఇటూ ఊపి తీశాను. ఒక రంధ్రంలో పూత దెబ్బతింది. బోర్డు వెనకనుంచి సన్నని రాగి తీగ వేసి అతికించాను. ఈ మరమ్మతులో బలహీనమైన చోటు అదే.

శనివారం

పొద్దున్న బోర్డుకు సుభాషిణి కంప్యూటర్ తెర తగిలించి కరెంటు ఇచ్చాను. మొదటిసారికే లేచింది. వేడెక్కితే పడిపోవడమే దాని జబ్బు కాబట్టి మీద కంబళి కప్పి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టాను. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కింది. తెర ఒక్కసారీ నల్లబడలేదు.

ఎస్తేరుకు కబురు పెట్టాను. ఆమె దాలమ్మను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకొచ్చింది. దాలమ్మ మొహం ఉబ్బి కళ్లు గీతలైపోయాయి. గుమ్మం అవతల అరుగు మీద కూలబడి, ఊపిరి అందేదాకా మాట్లాడలేదు.

"పంతులమ్మ నేదంటే ఈ వసారా బోసిపోనాది తమ్ముడూ" అంది.

"అప్పా, బోర్డు సిద్ధంగా ఉంది. తాళం సంగతి నేను చూస్తాను. ఇవాళే కూర్చో."

"ఇయ్యాల కాదు."

"ఏం?"

"రేపు మా మనవరాలు బంగారి పెల్లి. ఆ కుర్చీలో కూకుంటే నాకు మైల అంటుతాది. నాకంటితే మా ఇంటికంటుతాది. పెల్లి ఆగిపోద్ది. ఎల్లుండి కూకుంటాను."

"ఎల్లుండిదాకా ఉంటావా?" అంది ఎస్తేరు. నర్సులు మామూలుగా అలా అడగరు.

"ఉండకేటి? సేప ఎండినాక కూడా నాలుగు నెలలు నిలవుంటాది. నాను పచ్చిగానే ఉన్నాను కదే" అని నవ్వబోయి దగ్గు తెరలో పడింది. తేరుకుని, "దానికి అమ్మ నేదు, బాబు నేడు. నా సేతుల మీద పెరిగింది. పెల్లి సూస్తే సాలు నాకు" అంది.

"నువ్వు పోతే పెళ్లి ఆగదా?" అన్నాను. గట్టిగానే అన్నాను. "రాత్రికేమన్నా అయితే రేపు పెళ్లి చేస్తారా? అప్పుడు అసలు మైలే కదా?"

దాలమ్మ నావైపు చూడలేదు. "పంతులమ్మ ఉంటే నన్నిలా కేకలెయ్యనిచ్చునా?" అంది.

బంగారిని చేసుకునేది కూర్మారావు గారి కొడుకే. ఆయన అదే వసారా చివర పందిరి కట్టిస్తున్నారు. నా గొంతు విని వచ్చారు. వెనకే పందిరి పనివాళ్లూ, ఇద్దరు సంఘం సభ్యులూ వచ్చారు.

"ఏమిటయ్యా గొడవ? పెళ్లివారి పెద్దావిడ మీద అరుస్తావేం?"

"ఒక సంగతి చెప్పండి" అన్నాను. "మంగళవారం సుభాషిణిని మోసినవాళ్లు నలుగురు. వాళ్లు స్నానం చేసి అన్నం తిన్నారు. వాళ్లలో ఒకడు మీ పందిరికి తాళ్లు కడుతున్నాడు. మనిషిని మోసినవాడికి స్నానంతో పోయింది. కుర్చీకి ఎందుకు పోలేదు? ఎస్తేరు కడిగింది కదా?"

"ముట్టుకున్న మైల వేరు, ఇంటి మైల వేరు. నీకు తెలియనిదా? పదకొండు రోజులు ఇంటివాళ్లకి, జ్ఞాతులకి."

"అంటే యంత్రం మా జ్ఞాతా? సుభాషిణికి అది ఏ వరస అవుతుంది? మరిదా? ఆడబిడ్డా?"

పందిరి పనివాడు ఒకడు కిసుక్కుమన్నాడు. కూర్మారావు గారి మొహం ఎర్రబడింది.

"వెటకారం వద్దు. ఆవిడ నెత్తురు దానిలో ఎన్నేళ్లు తిరిగింది? నెత్తురు కలిసినవాళ్లు బంధువులు కాకపోతే ఇంకెవరు? అందుకే పదకొండు రోజులు."

ఈ మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. కాని అన్నారు, పదిమంది ముందు అన్నారు. నేను వదలదలుచుకోలేదు.

"సరే. మీ మాటే ఖాయం చేద్దాం. దానిలో తిరిగింది సుభాషిణి నెత్తురొక్కటే కాదు. దాలమ్మప్పదీ తిరిగింది. వాళ్లిద్దరూ ఆ యంత్రానికి బంధువులైతే ఒకరికొకరు కూడా బంధువులే. అలాగైతే సుభాషిణి పోయిన క్షణం నుంచే దాలమ్మప్పకు మైల. ఆమె ఇంటికీ మైల. రేపు మీ కొడుకు ఎవరింటి పిల్లను చేసుకుంటాడు?"

సంఘం సభ్యుల్లో ఒకడు పందిరి వైపు తిరిగి చూశాడు. 

"కాదంటే చెప్పండి" అన్నాను. "యంత్రం బంధువు కాదు, వస్తువు అనండి. తాళం తీయండి. పెళ్లి జరుగుతుంది, దాలమ్మప్ప బతుకుతుంది. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే చాలు."

నేను నిజంగా ఆయన తీసుకుంటారనే అనుకున్నాను. ఆయనకు అంతకంటే తేలిక దారి ఇంకోటి లేదు. అయినా ఆయన సంఘం సభ్యుల వైపు చూశారు. వాళ్లు ఆయన వైపు చూశారు.

"సంఘం ఆలోచిస్తుంది" అని వెళ్లిపోయారు.

సాయంత్రం

సంఘం ఆలోచించింది. లౌడ్‌స్పీకర్లో చెప్పారు. ఆ యంత్రం మీద రక్తం కడిగించుకునే నలుగురికీ, వాళ్ల ఇళ్లకూ వచ్చే శుక్రవారం దాకా మైల. రేపటి పెళ్లి వాయిదా. వార్డు తాళం అలాగే ఉంటుంది.

మాట వెనక్కి తీసుకోవడం కంటే కొడుకు పెళ్లి ఆపుకోవడం తేలికైంది ఆ మనిషికి. దుర్మార్గుడైతే నాకింత కోపం వచ్చేది కాదు. సుభాషిణి కోసం ఏడ్చాడు, రేపు దాలమ్మ కోసం కూడా ఏడుస్తాడు. ఏడవడానికి ఎప్పుడూ సిద్ధమే. తాళం తీయడానికే సిద్ధంగా లేడు.

పందిరి విప్పుతున్న చప్పుళ్ల మధ్య దాలమ్మ వచ్చింది. ఈసారి అరుగు మీద ఆగలేదు. తలుపు పట్టుకుని, ఊపిరి తీసుకుంటూ, గుమ్మం దాటి నా ఎదుటికి వచ్చి నిలబడింది. వెనక ఎస్తేరు. ఇంకా వెనక, చేతులకు గోరింటాకు పెట్టుకున్న బంగారి.

"మహా సదువుకున్నావురా" అంది దాలమ్మ. ఎప్పుడూ తమ్ముడూ అనే మనిషి. "నా మనవరాలి పెల్లి సెడగొట్టీసినావు."

"అవును" అన్నాను.

"ఆ కూర్మారావు ఎదవ. నువ్వు ఆడికంటే ఎదవ్వి."

"అవును."

"అవునవునంతావేటి? ఎదురు సెప్పు, తిట్టినట్టన్నా ఉంటాది."

బంగారి వెనకనుంచి అంది: "అప్పమ్మా, నువ్వు అందుకా వచ్చినావు? సెప్పాల్సింది సెప్పు."

దాలమ్మ నా మంచం మీద కూర్చుంది. ఆయాసం తగ్గేదాకా అందరం ఆగాం. చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంక పెల్లీ నేదు, గిల్లీ నేదు. మైల ఎలాగూ తగలడింది. ఇప్పుడు నాను ఆ కుర్చీలో కూకుంటే కొత్తగా పోయేదేటి? పద, కూకోబెట్టు."

"ఇవాళ బిగించలేను అప్పా. మరమ్మతులో ఒక చోట అనుమానం ఉంది. అది చల్లారాక ఇంకోసారి వేడిచేసి చూడాలి. రాత్రంతా గోడకు ఆనుకునే కూర్చో. నీళ్లు ముట్టుకోకు. ఎస్తేరు నీ దగ్గర ఉంటుంది."

"అది ఆగిపోతే?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "ఆగకూడదనే చేశాను. ఆగదని ప్రమాణం చెయ్యలేను" అన్నాను.

"పంతులమ్మ కంప్యూటర్లోంచి పీకి ఎట్టినావట కదా" అంది. ఎస్తేరు చెప్పినట్టుంది. "మరైతే ఆగదు. ఆవిడ పిల్లల్ని మధ్యలో ఎప్పుడన్నా లెగనిచ్చిందేటి?" అంది దాలమ్మ.

బంగారి నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. ఎస్తేరు ఇద్దరినీ తీసుకుని వెళ్లింది. వెళ్లేముందు నన్ను అడిగింది: "సీలు తెగిందని ఒడ్డువాళ్లు ఫిల్టర్లు ఆపేస్తే ఏంచేద్దాం సార్?" ఉన్న ఫిల్టర్లు రెండు నెలలు వస్తాయి. ఆ రెండు నెలల్లో నలుగురు బతికి ఉంటే వాళ్లే వెళ్లి అడుగుతారు అన్నాను. పోయినవాళ్లు వెళ్లి అడగలేరు.

బోర్డును రెండోసారి వేడిచేశాను. తీగ వేసిన చోటు నిలిచింది.

వార్డు తలుపుకు తాళం లావుగా ఉంది గాని, తలుపు బందుల మరలు బయటివైపే ఉన్నాయి. రేపు ఉదయం వెలుతురు రాగానే అందరూ చూస్తుండగా గుమ్మం దాటి వెళ్లి ఆ మరలు విప్పి, తలుపు తీసి పక్కన పెడతాను. బోర్డు బిగిస్తాను. దాలమ్మను కూర్చోబెడతాను. మధ్యాహ్నం మిగతా ముగ్గురిలో ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లను కూర్చోబెడతాను. ఆపదలుచుకున్నవాళ్లు నన్ను ముట్టుకుని ఆపాలి.